విజయనగరం నుంచి మొదటి పాయింటు ఎంత దూరం?

కొండవెలగాడలో ఎత్తిన వంద కిలోలు సిడ్నీలో ఎత్తినా వంద కిలోలే. బరువుకి ఊరితో పనిలేదు. నెల్లిమర్ల మండలంలోని ఆ పల్లె నుంచి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల దాకా వెళ్లి పతకంతో తిరిగొచ్చింది. అంతకు పద్నాలుగేళ్ల ముందే ఆమదాలవలస పక్కనున్న ఊసవానిపేట నుంచి కరణం మల్లీశ్వరి సిడ్నీ ఒలింపిక్స్‌కి వెళ్లి, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది. ఒక షెడ్డు, ఒక బార్, కాసిని ప్లేట్లు, తెల్లారకముందే నిద్ర లేపే గురువు ఉంటే చాలు, ఉత్తరాంధ్ర పిల్లలు ఏం చేయగలరో అప్పుడే తేలిపోయింది. మరి టెన్నిస్‌లో మనవాళ్లు ఎందుకు కనబడరు అని శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో అడిగితే జవాబు తడుముకోకుండా వస్తుంది: అది డబ్బున్నవాళ్ల ఆట కదా!

ఆ జవాబు తప్పు కాదు, కానీ సగమే. రాకెట్ ధర, కోచింగ్ ఫీజు, నాలుగు నెలలకే అరిగిపోయే బూట్లు, అన్నీ నిజమే. అయినా ఆ మాటకొస్తే కాస్త జీతమున్న ఇళ్లల్లో పిల్లల్ని కోర్టుకి పంపేవాళ్లు రెండు జిల్లాల్లోనూ ఉన్నారు. పన్నెండు, పద్నాలుగేళ్ల వయసులో బాగా ఆడే పిల్లలకీ కొదవ లేదు. పద్దెనిమిది దాటేసరికి వాళ్లు ఏమైపోతున్నారన్నదే ప్రశ్న. బరువులెత్తే ఆటకి కొలత కిలో అయితే, టెన్నిస్‌కి కొలత ర్యాంకింగ్ పాయింటు. కిలో ఎక్కడైనా కిలోనే. పాయింటు అలా కాదు. టోర్నీ జరిగే ఊళ్లో మాత్రమే దొరుకుతుంది, అక్కడికి వెళ్లినవాళ్లకే దొరుకుతుంది. కాబట్టి ఎంత బాగా ఆడతారన్న దానితో పాటు, టోర్నీ జరిగే ఊరికి ఎంత దూరంలో పుట్టారన్నది కూడా ఈ ఆటలో లెక్కలోకి వస్తుంది.

పురుషుల టెన్నిస్‌లో పైన నాలుగు గ్రాండ్‌స్లామ్‌లు, వాటి కింద పురుష ఆటగాళ్ల సంఘమైన ఏటీపీ నడిపే టూర్, దాని కింద ఛాలెంజర్లు, అన్నిటికన్నా కింద అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య, అంటే ఐటీఎఫ్, నడిపే వరల్డ్ టెన్నిస్ టూర్ ఉంటాయి. ఆ టూర్‌లో అట్టడుగు మెట్టు పేరు ఎం15. మహిళలకైతే డబ్ల్యూ15. పదిహేను అంటే పదిహేను వేల డాలర్ల ప్రైజ్‌మనీ. గెలిచిన ఒక్కడికి కాదు, సింగిల్స్, డబుల్స్ అన్నీ కలిపి టోర్నీ మొత్తానికి. పాతవాళ్లు వీటిని ఫ్యూచర్స్ అంటారు. 1998లో ఫ్యూచర్స్ మొదలైనప్పుడు వాటిలో చిన్న టోర్నీ ప్రైజ్‌మనీ 10,000 డాలర్లు. 2016 దాకా అదే పదివేలు. ఆ పద్దెనిమిదేళ్లలో రైలు టికెట్టు, హోటల్ గది, ఇడ్లీ ప్లేటు ఎంతెంత పెరిగాయో ఎవరి లెక్క వాళ్లకి తెలుసు.

ఒక ఎం15 వారం ఇలా సాగుతుంది. ఆది, సోమవారాల్లో క్వాలిఫయింగ్, అంటే అసలు పోటీలో చోటు కోసం ఆడే మ్యాచ్‌లు. మంగళ, బుధవారాల్లో 32 మందితో మెయిన్ డ్రా, అంటే అసలు పోటీ, మొదటి రౌండు. శుక్రవారానికి ఎనిమిది మంది మిగులుతారు, ఆదివారం ఫైనల్. విజేతకి 15 ఏటీపీ పాయింట్లు, రన్నరప్‌కి 8, సెమీస్‌లో ఓడినవాళ్లకి నాలుగేసి, క్వార్టర్స్‌లో ఓడినవాళ్లకి రెండేసి, మొదటి రౌండు నెగ్గి రెండో రౌండులో ఓడినవాళ్లకి ఒక్కొక్కటి. మొదటి రౌండులో ఓడిన పదహారు మందికి సున్నా. కూడి చూస్తే సింగిల్స్ మొత్తంలో పంచేది 47 పాయింట్లే. గ్రాండ్‌స్లామ్ గెలిచిన ఒక్కడికి వచ్చేవి 2,000. క్వాలిఫయింగ్‌లో ఎన్ని మ్యాచ్‌లు నెగ్గినా పాయింటు రాదు, మెయిన్ డ్రాలో ఒక్కటైనా నెగ్గాల్సిందే. నెగ్గితే ఆ కుర్రాడి పేరు ప్రపంచ ర్యాంకింగ్స్‌లోకి ఎక్కుతుంది. ర్యాంకు పదిహేను వందలు దాటే ఉంటుంది, అయినా ర్యాంకు ర్యాంకే. అమ్మాయిలకి ఇంకాస్త కష్టం. మహిళల టెన్నిస్ సంఘమైన డబ్ల్యూటీఏ జాబితాలో పేరు రావాలంటే మూడు టోర్నీల్లోనైనా పాయింట్లు తెచ్చుకోవాలి, లేదంటే మొత్తం పది పాయింట్లైనా ఉండాలి. ఎవరి పాయింటైనా 52 వారాలకి గడువు తీరిపోతుంది. తెచ్చుకున్నది నిలబెట్టుకోవడానికి మళ్లీ ప్రయాణం తప్పదు.

డబ్బు సంగతి చూస్తే విషయం ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. ఎం15 సింగిల్స్ విజేతకి 2,160 డాలర్లు. మొదటి రౌండులో ఓడితే 156. డాలరు 85 రూపాయల లెక్కన గెలిచినవాడికి లక్షా ఎనభై మూడు వేలు, ఓడినవాడికి పదమూడు వేలు, అదీ పన్ను కోయకముందు. శ్రీకాకుళం కుర్రాడు ఒకడు వేరే రాష్ట్రంలో టోర్నీకి వెళ్లాడనుకుందాం. రానూపోనూ రైలు, క్వాలిఫయింగ్ ముందురోజు నుంచి ఐదారు రాత్రుల గది, మూడు పూటల తిండి, గట్టింగ్ (రాకెట్‌కి తీగలు బిగించే పని) ఖర్చు, ప్రాక్టీసుకి బంతుల డబ్బాలు. ఒంటరిగా వెళ్తేనే ఆ పదమూడు వేలు చాలవు. కోచ్‌నో నాన్ననో వెంట తీసుకెళ్తే అడగనే అక్కర్లేదు. పైగా ఆ పదమూడు వేలు కూడా మెయిన్ డ్రాలో చోటు దొరికితేనే. ఐటీఎఫ్ స్వయంగా 2013 సంవత్సరం లెక్కలు తీసి చూస్తే, కోచ్ ఖర్చు కలపకుండానే, పురుషుల్లో 336వ ర్యాంకు, మహిళల్లో 253వ ర్యాంకు దగ్గర ఆదాయం, ఖర్చు సరిసమానమయ్యాయి. అంతకు కిందనున్న వేలమంది ఇంటి డబ్బుతోనో అప్పుతోనో ఆడుతున్నట్టే.

సుమిత్ నాగల్ సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2023లో రోమ్, టాంపెరే ఛాలెంజర్లు రెండూ గెలిచాడు, అప్పటికి దేశంలో సింగిల్స్ నంబర్ వన్ అతనే. ఆ ఏడాది సెప్టెంబరులో తన బ్యాంకు ఖాతాలో మిగిలింది 900 యూరోలే అని చెప్పుకున్నాడు. నాలుగు నెలలు తిరక్కుండా ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో 31వ సీడ్‌గా, అంటే ర్యాంకు ప్రకారం పైవరసలో, ఉన్న బుబ్లిక్‌ని ఓడించాడు. దేశంలో మొదటి ఆటగాడి పరిస్థితే అదైతే, ఇరవయ్యో ముప్ఫయ్యో స్థానంలో ఉన్న కుర్రాడి ఇంట్లో నెలాఖరు ఎలా గడుస్తుందో ఊహించుకోవచ్చు.

ఈ అట్టడుగు మెట్టు అంత ముఖ్యమా అనే అనుమానం ఆట పెద్దలకీ వచ్చింది. 2019 జనవరిలో వాళ్లొక ప్రయోగం చేశారు. పదిహేను వేల డాలర్ల టోర్నీలకి ఏటీపీ పాయింట్లు తీసేసి, వాటికి వేరే ఐటీఎఫ్ ర్యాంకింగ్ పెట్టారు. ప్రొఫెషనల్ అనే మాటకి విలువ పెంచాలి, ఖర్చుకి తట్టుకోలేనివాళ్లు తొందరగా తేల్చుకోవాలి అన్నది వాళ్ల ఉద్దేశం. కాగితం మీద బాగానే ఉంది. ఆచరణలో మాత్రం ఏళ్ల తరబడి ఒక్కొక్క పాయింటూ కూడబెట్టుకున్నవాళ్ల పేర్లు ఏటీపీ జాబితాలోంచి వందల సంఖ్యలో మాయమయ్యాయి. ఆటగాళ్లు సంతకాలు సేకరించారు, గొడవ పెట్టారు, చివరికి ఆగస్టులో పాయింట్లు తిరిగొచ్చాయి. పైనున్నవాళ్లకి లెక్కలోకి రాని ఒక్క పాయింటు కిందనున్నవాళ్లకి ఏమిటో ఆ ఏడు నెలల్లో అందరికీ తెలిసింది.

ఖర్చు తగ్గించుకోవడానికి ప్రపంచం కనిపెట్టిన ఉపాయం ఒకటుంది. ట్యునీషియాలో మొనాస్టిర్, టర్కీలో అంటాల్యా, ఈజిప్టులో షర్మ్ ఎల్ షేక్. సముద్రం ఒడ్డున రిసార్టులు, వాటి ఆవరణలోనే కోర్టులు, వారం వెంట వారం ఎం15లు, డబ్ల్యూ15లు. ఒకసారి విమానం దిగితే నెల రోజులు కదలకుండా నాలుగు టోర్నీలు ఆడొచ్చు. మన దేశపు కుర్రాళ్లు కూడా అక్కడికి బారులు తీరేది అందుకే. రిసార్టు యజమానికి ఖాళీ సీజన్లో గదులు నిండుతాయి, ఆటగాడికి పాయింటు దొరికే అవకాశం వస్తుంది. వ్యాపారం దృష్టితో చూస్తే చక్కటి ఏర్పాటే. విజయనగరం నుంచి మాత్రం అక్కడికి టికెట్టు, వీసా, గది కలుపుకుంటే ఒక మధ్యతరగతి ఇంటి ఏడాది మిగులు హరించుకుపోతుంది.

తెలుగువాళ్ల టెన్నిస్ చరిత్ర చూసినా సొంతగడ్డ మీద టోర్నీ ఎంత పనిచేస్తుందో కనిపిస్తుంది. సానియా మీర్జా సింగిల్స్‌లో గెలిచిన ఒకే ఒక్క డబ్ల్యూటీఏ టైటిల్ 2005 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లోనే. సింగిల్స్‌లో ఆమె చేరిన అత్యుత్తమ ర్యాంకు 27, డబుల్స్‌లో 2015లో నంబర్ వన్. కానీ ఆ టైటిల్ మాత్రం ఇంటి దగ్గరే వచ్చింది. 2025 ఏప్రిల్‌లో పుణెలో మహిళల జట్ల పోటీ అయిన బిల్లీ జీన్ కింగ్ కప్ మ్యాచ్‌లు జరిగితే హైదరాబాద్ అమ్మాయి భమిడిపాటి శ్రీవల్లి రష్మిక ఆడిన ఐదు సింగిల్స్ మ్యాచ్‌లూ నెగ్గి ఒక్కసారిగా అందరి నోళ్లలో నానింది.

మనకి ఇంకా దగ్గరి ఉదాహరణ సాకేత్ మైనేని. పుట్టింది కృష్ణా జిల్లా ఉయ్యూరులో, ఆట నేర్చింది విశాఖలో. ఇక్కడి నుంచి అమెరికాలోని అలబామా విశ్వవిద్యాలయానికి వెళ్లి అక్కడి జట్టుకి ఆడాడు. చదువూ ఆటా కలిసి సాగే ఆ దారి మధ్యతరగతి ఆటగాళ్లకి పెద్ద వరం, దాని గురించి మన ఊళ్లలో తెలిసింది తక్కువ. తిరిగొచ్చాక ఏళ్ల తరబడి ఫ్యూచర్స్‌లో నలిగాడు. మొదటి ఛాలెంజర్ సింగిల్స్ టైటిల్ 2014లో వచ్చింది, అదీ ఇండోర్‌లో. అదే ఏడాది ఇంచియాన్ ఆసియా క్రీడల్లో సానియాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం. 2016లో 137వ ర్యాంకు దాకా వెళ్లాడు, ఆ ఆగస్టులో యూఎస్ ఓపెన్ క్వాలిఫయింగ్ దాటి మెయిన్ డ్రాలో ఐదు సెట్లు పోరాడి ఓడాడు. అప్పటికి అతనికి 28 ఏళ్లు. పంతొమ్మిదేళ్లకే గ్రాండ్‌స్లామ్‌లు గెలిచేవాళ్లని టీవీలో చూసే తల్లిదండ్రులకి ఈ 28 అనే అంకె చాలా అవసరం. పద్దెనిమిదికి ర్యాంకు రాలేదని ఆట మాన్పించేవాళ్లే మన దగ్గర ఎక్కువ.

ఎం15లో ఆడేవాళ్లు ఎలా ఉంటారు? డ్రా కాగితం మీద అన్నీ పేర్లే, పేరు పక్కన దేశం. కోర్టు దగ్గర నిలబడితేనే తేడా తెలుస్తుంది. జూనియర్ ర్యాంకింగ్స్‌లో వెలిగి, అందులో పైనున్నవాళ్లకి కేటాయించిన చోట్లలో వచ్చిన పదిహేడేళ్ల పిల్లాడు ఉంటాడు, వెంట అమ్మానాన్నా. అమెరికా కాలేజీ నుంచి డిగ్రీతో తిరిగొచ్చి, రెండేళ్లు చూద్దాం, కాకపోతే ఉద్యోగం అనుకున్నవాడు ఉంటాడు. ఒకప్పుడు మూడువందల్లో ర్యాంకు ఉండి, భుజం ఆపరేషన్ తర్వాత మళ్లీ కింది నుంచి మొదలుపెట్టినవాడు ఉంటాడు. ఇతనితో మొదటి రౌండులో ఎవరూ తలపడాలనుకోరు. పొద్దున పిల్లలకి కోచింగ్ చెప్పి మధ్యాహ్నం మ్యాచ్ ఆడేవాడూ ఉంటాడు. వీళ్ల మధ్యలో ఊరి వాటాగా వైల్డ్ కార్డ్‌తో, అంటే ర్యాంకుతో పనిలేకుండా నిర్వాహకులిచ్చిన చోటుతో, వచ్చిన స్థానిక కుర్రాడు.

అతని కిట్ బ్యాగ్‌లోకి ఒకసారి తొంగి చూస్తే చాలు. ఎదుటివాడి బ్యాగులో ఆరు రాకెట్లు, అన్నీ ఒకే మోడల్, నిన్న సాయంత్రమే గట్టింగ్ చేయించినవి, ప్లాస్టిక్ కవర్లలో. ఇతనివి రెండు. టెన్నిస్‌లో టెన్షన్ రెండు చోట్ల ఉంటుంది, ఒకటి గుండెలో, ఒకటి గట్‌లో. మొదటి రాకెట్ గట్ 52 పౌండ్లకి బిగించి ఉంది. రెండోది నెల కిందట బిగించింది, ఉక్కపోతకి సడలిపోయి ఎంతకి దిగిందో ఎవరికీ తెలియదు. మొదటి సెట్ 4-4 దాకా ఇద్దరూ సమానంగా ఆడతారు, చుట్టూ చేరినవాళ్లు చప్పట్లు కొడతారు. తొమ్మిదో గేములో గట్ తెగుతుంది. రెండో రాకెట్ తీస్తాడు. అదే ఫోర్‌హ్యాండ్, అదే స్వింగ్, కానీ గట్ వదులైతే బంతి ఎక్కువ దూరం ఎగురుతుంది. గీత లోపల పడాల్సిన బంతి జానెడు అవతల పడుతుంది. రెండు పోయేసరికి చేయి బిగుసుకుంటుంది, మూడోది నెట్‌కి కొడతాడు. ముప్పావుగంట సమానంగా సాగిన మ్యాచ్ పావుగంటలో చేజారుతుంది. స్కోరు పేపర్లో చూసినవాడికి 4-6, 1-6. బయట అడిగే మొదటి మాట ఎలాగూ ఒకటే: నెగ్గినావా?

స్థానిక ఆటగాడు అలా ఓడితే అనుభవం లేదు, ఒత్తిడి తట్టుకోలేకపోయాడు అని రాసేస్తారు. ఒత్తిడి ఉన్నమాట నిజమే, కానీ అందులో సగం ఆ రెండో రాకెట్‌లో ఉంది. అందుకే వైల్డ్ కార్డ్ ఒక్కటే ఇచ్చి చేతులు దులుపుకుంటే పెద్దగా ఒరిగేదేమీ లేదు. నిజానికి జిల్లా స్థాయి కుర్రాడిని నేరుగా మెయిన్ డ్రాలో పెట్టడం కన్నా క్వాలిఫయింగ్‌లో పెట్టడమే మేలు. మెయిన్ డ్రాలో సీడ్ చేతిలో పడితే గంటలో ఇంటికి. క్వాలిఫయింగ్‌లో తన స్థాయికి దగ్గరివాళ్లు తగులుతారు, ఒకటి నెగ్గితే రెండో మ్యాచ్ దొరుకుతుంది, మ్యాచ్ ఆడటం ఏమిటో తెలుస్తుంది. ఫొటోలో మెయిన్ డ్రా వైల్డ్ కార్డే బాగుంటుంది గనక నిర్వాహకులు దాని మీదే మోజు పడతారు.

విజయనగరంలో ఒక ఎం15 పెట్టాలంటే ఏం కావాలి? కర్ణాటకలో ధార్వాడ్, కలబురగి, దావణగెరె వంటి ఊళ్లలో ఐటీఎఫ్ టోర్నీలు జరిగాయి కాబట్టి ఇది గాలిలో మేడ కాదు. ముందు కావలసినవి కోర్టులు. గీతల మధ్య కొలత 78 అడుగుల పొడవు, 36 అడుగుల వెడల్పే అయినా, వెనక్కి, పక్కలకి పరిగెత్తే జాగాతో కలిపి 120 అడుగులు, 60 అడుగులు ఉండాలి. 7,200 చదరపు అడుగులు, మన లెక్కలో పదహారున్నర సెంట్లు. మెయిన్ డ్రా మొదటి రౌండులో సింగిల్స్ మ్యాచ్‌లు 16, డబుల్స్ 8. రెండు రోజుల్లో ముగించాలంటే రోజుకి పన్నెండు. మ్యాచ్‌కి రెండు గంటల చొప్పున మూడు కోర్టుల మీద కోర్టుకి ఎనిమిది గంటల ఆట. వాన పడితే ఈ లెక్క తలకిందులవుతుంది, ఓడినవాళ్లూ రేపటివాళ్లూ ప్రాక్టీసు చేసుకోవడానికి వేరే కోర్టు కావాలి. అంటే ఒకేచోట, ఒకే రకం ఉపరితలంతో కనీసం ఐదు. ఎకరం దగ్గర నేల. చిన్న ఊళ్లలో ఆఫీసర్ల క్లబ్బులో ఒకటి, కాలేజీలో ఒకటి, స్టేడియంలో రెండు అన్నట్టు విడివిడిగా కట్టుకుంటూ పోతాం. పొద్దున్నే వచ్చే పెద్దమనుషులకి, వాళ్లకి బంతులందించే మార్కర్‌కి అది చాలు. టోర్నీకి చాలదు. కొత్తగా కట్టేటప్పుడైనా ఒకేచోట కడితే అదనపు ఖర్చు పెద్దగా ఉండదు.

మిగతావి డబ్బుతో వచ్చేవి. ప్రైజ్‌మనీ దాదాపు పదమూడు లక్షలు, ఐటీఎఫ్ సూపర్‌వైజర్, బ్యాడ్జి ఉన్న అంపైర్లు, ఫిజియో, డాక్టరు, గట్టింగ్ మెషిన్‌తో ఒక మనిషి, బంతులు, నాలుగు భాషలవాళ్లు తినగలిగే తిండి దొరికే హోటల్. ఊరికి వెలుపలి నుంచి రావడం కష్టమేమీ కాదు. విశాఖ అరవై కిలోమీటర్లు, హౌరా-చెన్నై మెయిన్ లైను, రాయపూర్ లైను కలిసే జంక్షన్, జిల్లాలోనే భోగాపురంలో తలపెట్టిన కొత్త విమానాశ్రయం. ఇంగ్లండ్‌లో 1936లో భారత క్రికెట్ జట్టుకి కెప్టెన్సీ చేసిన విజయనగరం రాజకుమారుడు విజ్జీ ఊరు ఇది, ఆటల మీద ఖర్చుపెట్టడం ఈ ఊరికి కొత్త కాదు. అయితే విజ్జీ పెట్టిన ఖర్చు ఎక్కువగా క్రికెట్ వైపే వెళ్లింది, అది వేరే కథ.

తేదీలు మాత్రం జాగ్రత్తగా చూసుకోవాలి. అక్టోబరు చూడ్డానికి బాగుంటుంది, కానీ ఈ తీరంలో అక్టోబరుని నమ్మకూడదు. హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12న, తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది 2018 అక్టోబరు 11న. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం కోర్టు మీద బూటు సోలు మెత్తబడుతుంది. ఇక మిగిలింది డిసెంబరు చివరి నుంచి మార్చి మొదటి వారం దాకా. అప్పుడు కూడా తెల్లవారుజామున మంచుకి కోర్టు తడిసి ఉంటుంది, ఎండెక్కేదాకా ఆగాలి. తేమకి బంతి మీది నూగు ఉబ్బి బరువెక్కుతుంది, సర్వీసు వేగం తగ్గుతుంది, ర్యాలీలు సాగుతాయి. అక్కడ చిన్నప్పటి నుంచి ఆడినవాళ్లకి అది అలవాటే. సొంత కోర్టు లాభం అంటే అదే.

ఒక్క టోర్నీ పెట్టి ఊరుకుంటే మాత్రం దానికి పండగకి మించిన విలువ ఉండదు. ఒక్క వారం కోసం విదేశీ ఆటగాడు అంత దూరం రాడు, వరుసగా రెండు మూడు వారాలు దొరికితేనే వస్తాడు. స్థానిక కుర్రాడికీ అంతే, మొదటి వారం బెరుకు తీరడానికే సరిపోతుంది. విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం మూడూ ఒకదానికొకటి దగ్గర్లోనే ఉన్నాయి. మూడు వారాలు మూడు ఊళ్లలో పెడితే ఆటగాడు ఆర్టీసీ బస్సులో మారిపోవచ్చు. ఆ పై వారం భువనేశ్వర్‌లో ఉంటే ఇంకా మంచిది, ఆమదాలవలసలో రైలెక్కితే ఐదారు గంటలు. ఏడాదికి ఇలాంటి వరస ఒక్కటి ఉన్నా, పాయింటు కోసం మొనాస్టిర్ దాకా వెళ్లే ఖర్చులో కొద్ది భాగంతో మూడు అవకాశాలు దొరుకుతాయి. అంబేద్కర్ విశ్వవిద్యాలయం పిల్లలో, జిల్లా కేంద్రాల్లో ఇంటర్ చదివేవాళ్లో కోర్టు పక్కన నిలబడి, ప్రొఫెషనల్ అంటే ఎంత గట్టిగా కొడతాడో కాకుండా, ఎన్నిసార్లు తప్పు చేయకుండా కొడతాడో చూస్తారు. టీవీలో అది కనబడదు.

చెప్పక తప్పని చీకటి కోణం ఒకటుంది. డబ్బు తక్కువ, మ్యాచ్‌లు ఎక్కువ ఉన్నచోటికే బెట్టింగ్ వాళ్లు చేరతారు. టెన్నిస్‌లో అవినీతి మీద 2018లో వచ్చిన స్వతంత్ర సమీక్ష ఈ సంగతి నిర్మొహమాటంగా చెప్పింది. మొదటి 250 నుంచి 350 మందికే ఖర్చులు గిట్టుబాటవుతున్నాయని, మిగతావాళ్ల ఇబ్బందే ఫిక్సర్లకి దారి అని తేల్చి, కింది స్థాయి టోర్నీల లైవ్ స్కోర్లు బెట్టింగ్ కంపెనీలకి అమ్మడం ఆపమంది. మ్యాచ్ ఓడిపోయిన రాత్రి కుర్రాడి ఫోన్‌కి బూతులతో మెసేజ్‌లు వస్తాయి, ఎక్కడో ఎవడో అతని మీద పందెం కాసి పోగొట్టుకుని ఉంటాడు. మరో రకం మెసేజ్ కూడా వస్తుంది, మర్యాదగా, వచ్చే వారం ఒక్క సెట్ వదిలేస్తే ఇంత అని. అలాంటి మెసేజ్ వస్తే వెంటనే అధికారులకి చెప్పాలి, చెప్పకుండా దాచినా నేరమే. ఆ నిబంధన ఊళ్లో ఆడే పద్దెనిమిదేళ్లవాళ్లకి తెలుగులో చెప్పే మనిషి ఒకరుండాలి. ప్రైజ్‌మనీ బడ్జెట్‌తో పోలిస్తే ఆ ఖర్చు లెక్కలోకే రాదు.

టోర్నీ అయ్యాక ఏం మిగులుతుందన్నది చాలావరకు మంగళవారం సాయంత్రమే తేలిపోతుంది. ఆ రోజు మొదటి రౌండులో ఓడినవాళ్లలో వచ్చే వారం టోర్నీ దగ్గర్లో ఉన్నవాళ్లు గది ఖాళీ చేయరు. బుధవారం పొద్దున ప్రాక్టీసు కోర్టు అడుగుతారు, ఎదురుగా ఆడటానికి ఎవరో ఒకరు కావాలి. ఆ ఒకరుగా ఊరి కుర్రాడు వెళ్తే, మ్యాచ్‌లో గంటసేపే దక్కిన ఆట ప్రాక్టీసులో రెండేసి గంటల చొప్పున నాలుగు రోజులు దక్కుతుంది. అతని పేరు వచ్చే వారం శ్రీకాకుళం ఎంట్రీ జాబితాలో ఉండాలి. ఆ జాబితా రెండు వారాల కిందటే మూసేశారు. అప్పుడు ఎంట్రీ పంపి ఉంటే ఆదివారం పొద్దున క్వాలిఫయింగ్‌కి బస్సు తెల్లవారుజామున ఉంది. ఈలోగా ఆ రెండో రాకెట్‌కి గట్టింగ్ చేయించుకోవాలి.